ట్రైలర్‌లో అక్షరాలు: ఎవరి పేరు, ఎంతసేపు, ఏ లిపిలో

2016లో విడుదలైన హిందీ సినిమా ‘ఫ్యాన్’ ప్రచారంలో ‘జబ్రా ఫ్యాన్’ పాట ఊరూవాడా మోగింది. తీరా థియేటర్‌కి వెళ్తే సినిమాలో ఆ పాటే లేదు. పాట మీద ఆశతో కుటుంబాన్ని తీసుకెళ్లిన ఒక ప్రేక్షకురాలు వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించారు. రాష్ట్ర కమిషన్, ఆ తర్వాత జాతీయ కమిషన్ ఆమె వైపే నిలిచి 10,000 రూపాయల పరిహారం, 5,000 రూపాయల ఖర్చులు ఇమ్మన్నాయి. నిర్మాణ సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2024 ఏప్రిల్‌లో కోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది. ట్రైలర్ అనేది సినిమావాళ్లు తమ వైపు నుంచి చేసుకునే ప్రచారం మాత్రమే, దానివల్ల ప్రేక్షకుడితో ఒప్పందమేదీ ఏర్పడదు, అందులో చూపించింది సినిమాలో ఉండి తీరుతుందన్న హామీగా దాన్ని తీసుకోకూడదు అన్నది ఆ తీర్పు సారాంశం.

అమెరికాలో ఇంచుమించు ఇలాంటిదే ఇంకో కేసు నడిచింది. ‘ఎస్టర్‌డే’ (2019) ట్రైలర్‌లో నటి అనా డి అర్మాస్ కనిపిస్తుంది. ఎడిటింగ్‌లో ఆమె పాత్ర మొత్తం ఎగిరిపోయింది. ఆమె ఉందనుకుని 3.99 డాలర్లు పెట్టి సినిమా అద్దెకు తీసుకున్న ఇద్దరు అభిమానులు స్టూడియో మీద దావా వేశారు. ట్రైలర్ కూడా వాణిజ్య ప్రకటనే కాబట్టి తప్పుదారి పట్టించే ప్రకటనల చట్టం దానికీ వర్తిస్తుందని 2022 డిసెంబర్‌లో ఫెడరల్ జడ్జి అన్నారు. దావా చివరికి వేరే కారణాలతో నిలబడలేదు.

రెండు చోట్లా గొడవ జరిగింది ట్రైలర్ చూపించినదాని గురించి, వినిపించినదాని గురించి. అయితే ట్రైలర్‌లో బొమ్మా పాటా కాకుండా ఇంకొకటి ఉంది. నల్లటి తెర మీద వచ్చి పోయే అక్షరాలు, సినిమావాళ్ల మాటలో కార్డులు. బొమ్మను ఎక్కడి నుంచైనా తెచ్చి ఎక్కడైనా అతికించొచ్చు. రెండో సగంలో తండ్రితో అన్న డైలాగును విలన్ ముఖం మీద వేసి ట్రైలర్ కట్ చేయడం ఎప్పుడూ ఉన్నదే. అక్షరాలకు అంత వెసులుబాటు లేదు. ఫలానా బ్యానర్ తీసింది, ఫలానా వాళ్లు నటించారు, ఫలానా దర్శకుడు, పేరు ఇది, విడుదల ఈ రోజు అని అవి తేల్చి చెప్తాయి. నిజమో కాదో తర్వాత సరిచూసుకోగలిగిన మాటలు ట్రైలర్ మొత్తంలో దాదాపు ఇవే. వాటి చుట్టూ ఇంత పంతం, ఇంత బేరం, కోర్టు కేసులు ఉండటానికి కారణం కూడా ఇదే.

ఈ కార్డులు పేర్లు చెప్పడానికే ఉన్నాయనుకుంటే మాత్రం సగమే చూసినట్టు. ఎడిటర్‌కి అవి ముందుగా పనిముట్లు. రెండున్నర గంటల సినిమాలోంచి రెండున్నర నిమిషాలు తీసినప్పుడు షాట్లు ఒకదానికొకటి అతకవు. వెలుగు మారుతుంది, ఊరు మారుతుంది, హీరో గడ్డం మారుతుంది. మధ్యలో ఒక కార్డు పడితే ఆ అతుకు కనపడదు. కన్ను అక్షరాల మీదికి వెళ్తుంది, తిరిగి వచ్చేసరికి ఇంకో లోకంలోకి అడుగుపెట్టినా అభ్యంతరం చెప్పదు. తర్వాతి షాట్‌లోని డైలాగు ఈ కార్డు మీదే మొదలైపోతే అతుకు ఇంకా గట్టిపడుతుంది. డప్పు దెబ్బ మీద పడే కార్డు ఒక రకం, శబ్దమంతా ఆగిపోయాక మెల్లగా తేలే కార్డు ఇంకో రకం. మొదటిది మాస్ సినిమా అని చెప్తుంది, రెండోది హారర్ అనో, మనసును మెలిపెట్టే కథ అనో చెప్తుంది. ఆ కార్డు మీద ఏం రాసి ఉందో చదవకముందే ప్రేక్షకుడికి ఆ సంగతి అందిపోతుంది.

ఒకప్పుడు ఈ పని గొంతు చేసేది. హాలీవుడ్‌లో డాన్ లాఫాంటైన్ అనే ఒక్క మనిషి గంభీరమైన గొంతు వేల ట్రైలర్లకు కథకుడై నిలిచింది. మన దగ్గర రిక్షాకి మైకు కట్టి కరపత్రాలు పంచుతూ వెళ్లిన గొంతు, రేడియోలో సినిమా ప్రకటన చదివిన గొంతు, టీవీ వచ్చాక “మీ అభిమాన థియేటర్లలో” అన్న గొంతు అదే పని చేశాయి. లాఫాంటైన్ 2008లో చనిపోయే నాటికే ఆ పద్ధతి వెనకపడుతోంది. గొంతు తప్పుకున్న చోటును అక్షరాలు తీసుకున్నాయి. అంతకు చాలా ముందే 1979లో వచ్చిన ‘ఏలియన్’ ట్రైలర్ దీనికి దారి చూపింది. అందులో కథ చెప్పే గొంతు లేదు, ఒక్క డైలాగూ లేదు. అంతరిక్షంలో నువ్వు అరిచినా ఎవరికీ వినపడదు అన్న అర్థం వచ్చే వాక్యం చివర్లో తెర మీద కనపడుతుంది. ఆ మాటను ఎవరైనా చదివి వినిపించి ఉంటే భయం సగానికి తగ్గేది. నిశ్శబ్దం గురించి చెప్పే వాక్యాన్ని నిశ్శబ్దంగా చూపించడంలోనే దాని బలమంతా ఉంది.

ఇక పేర్ల విషయానికొస్తే, ఎవరి పేరు ముందు అన్నది సినిమా పుట్టినప్పటి నుంచీ ఉన్న తగువు. పెళ్లి శుభలేఖలో పెదనాన్న పేరు పైన వేయాలా, మేనమామ పేరు ఎక్కడ వేయాలా అని ఇంట్లో రెండు రోజులు నలిగే వ్యవహారం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. విజయా వారి ‘గుండమ్మ కథ’ (1962)లో ఎన్టీఆర్, ఏఎన్నార్, ఎస్వీ రంగారావు, సావిత్రి, జమున అందరూ ఉన్నారు. ఎవరి పేరు ముందు వేసినా ఎవరికో ఒకరికి కష్టమే. అందుకని టైటిల్స్‌లో ముఖ్య తారాగణానికి పేర్లకు బదులు ఫొటోలు చూపించారు. పన్నెండేళ్ల తర్వాత హాలీవుడ్‌లో ‘ది టవరింగ్ ఇన్ఫెర్నో’ (1974)కు ఇదే చిక్కు వచ్చింది. స్టీవ్ మెక్వీన్, పాల్ న్యూమన్ ఇద్దరూ సమ ఉజ్జీలు. అక్కడ మెక్వీన్ పేరును ఎడమవైపు కాస్త కింద, న్యూమన్ పేరును కుడివైపు కాస్త పైన వేశారు. ఎడమ నుంచి చదివేవాడికి ఒకరు ముందు, పై నుంచి చూసేవాడికి ఇంకొకరు ముందు. ఇద్దరి మర్యాదా నిలిచింది.

పోస్టర్ మీద ఈ ఉపాయం పనిచేస్తుంది. ట్రైలర్‌లో అంత తేలిక కాదు, ఎందుకంటే అక్కడ కాలం నడుస్తూ ఉంటుంది. విడివిడి కార్డులు వేస్తే ఒకటి ముందు రాక తప్పదు. అందుకే ఇద్దరు పెద్ద హీరోలున్న ట్రైలర్లలో పేర్లు ఒకే కార్డు మీద పక్కపక్కన రావడం, లేదా అసలు పేర్లే వేయకుండా ఇద్దరినీ ఒకే షాట్‌లో నిలబెట్టి వదిలేయడం కనిపిస్తుంది. ముఖం తెలిసిన హీరోకి పేరు అక్కర్లేదన్నది ఒక వాదన. నిజానికి పేరు వేయకపోవడం కూడా ఒక రాజీ మార్గం.

హాలీవుడ్‌లో ఈ రాజీలన్నీ కాగితం మీద ఉంటాయి. నటులు, దర్శకులు, రచయితల ఒప్పందాల్లో పేరు ఎక్కడ రావాలి, ఒంటరిగా రావాలా, టైటిల్ అక్షరాల ఎత్తులో ఎంత శాతం ఉండాలి అన్నది రాసుకుంటారు. పోస్టర్ అడుగున, ట్రైలర్ చివరి కార్డులో కనిపించే సన్నటి పొడుగు అక్షరాల గుంపు అలా పుట్టిందే. ఒప్పందం ఎత్తు గురించి మాట్లాడుతుంది కానీ వెడల్పు గురించి మాట్లాడదు. దాంతో డిజైనర్లు ఎత్తు తగ్గించకుండా అక్షరాన్ని పక్కల నుంచి నొక్కేశారు. ఆ కార్డు తెర మీద ఉండేది క్షణమో రెండు క్షణాలో. ఎవరూ చదవలేరు. చదవడం కోసం వేసింది కాదు కూడా. అది ఒప్పందం నెరవేరిందనడానికి సాక్ష్యం.

తెలుగులో పేరు ఒక్కటే రాదు, బిరుదుతో కలిసి వస్తుంది. విశ్వవిఖ్యాత నటసార్వభౌమ, నటసామ్రాట్, నటశేఖర అన్న రోజుల నుంచి ఇది ఉంది. చిరంజీవి పేరు ముందు ‘మెగాస్టార్’ అన్నది కె.ఎస్. రామారావు నిర్మించిన ‘మరణ మృదంగం’ (1988)తో వచ్చింది. అంతకు ముందు ఆయన ‘సుప్రీం హీరో’. అల్లు అర్జున్ ‘పుష్ప’తో ఐకాన్ స్టార్ అయ్యారు. రామ్ చరణ్ ‘మెగా పవర్ స్టార్’ నుంచి ‘గ్లోబల్ స్టార్’కి మారింది ‘ఆర్‌ఆర్‌ఆర్’ ఆస్కార్ దాకా వెళ్లాక. తమిళంలో రజనీకాంత్‌కు ‘అన్నామలై’ (1992) నుంచి చుక్కలు చుక్కలుగా వెలిగే సూపర్‌స్టార్ కార్డు, దానికో సంగీతం వచ్చి, అది వచ్చిన ప్రతిసారీ హాలు ఊగిపోవడం ఆనవాయితీ అయింది. కొత్త బిరుదు ఎక్కువగా జనంలోకి వెళ్లేది టీజర్, ట్రైలర్ ద్వారానే. సినిమా విడుదలకు నెల ముందే అభిమానుల నోట ఆ మాట పలికించాలంటే ఇంతకంటే మంచి వేదిక లేదు.

ఈ బిరుదుల మీద చులకనగా మాట్లాడటం సులువు. అవి చేసే పని గమనిస్తే అంత చులకన చేయాల్సింది కాదు. బిరుదు మారిందంటే ఆ నటుడు ఏ మార్కెట్ వైపు చూస్తున్నాడో తెలిసిపోతుంది. ‘మాస్’ అన్న మాట ఉంటే చిన్న ఊళ్ల థియేటర్లు, అంటే బీ, సీ సెంటర్ల మీద గురి. ‘గ్లోబల్’ అన్న మాట ఉంటే గురి అమెరికా ప్రీమియర్ల మీద, ఉత్తరాది మల్టీప్లెక్సుల మీద. అభిమానికి అది గర్వం, డిస్ట్రిబ్యూటర్‌కి సమాచారం. బాధ కలిగించేది బిరుదు కాదు, అది ఎవరికి రాదు అన్న సంగతి. ‘కర్తవ్యం’ (1990)తో జాతీయ అవార్డు తీసుకున్న విజయశాంతికి లేడీ అమితాబ్ అన్న పేరు వచ్చింది. అది కూడా ఇంకో మగ నటుడి పేరు తెచ్చి పెట్టిందే. హీరోయిన్ పేరు హీరో తర్వాత, చాలాసార్లు బిరుదు లేకుండా, ఒక్కోసారి విలన్ పేరు కూడా అయ్యాక వస్తుంది. కథ మొత్తం ఆమె భుజాల మీద నడిచే ‘అరుంధతి’, ‘మహానటి’ లాంటివి వచ్చినప్పుడే ఆ వరస మారుతుంది.

స్టార్లు లేని సినిమాకి అక్షరాలు ఇంకా ముఖ్యం. అక్కడ ముఖాలు ఎవరికీ తెలియవు కాబట్టి నమ్మకం మొత్తం కార్డు మీదే నిలబడాలి. ‘పెళ్లిచూపులు’ (2016)కు సురేష్ ప్రొడక్షన్స్ అండ దొరికింది. ‘కేరాఫ్ కంచరపాలెం’ (2018) సంగతి ఇంకా స్పష్టం. విశాఖపట్నంలోని కంచరపాలెం జనమే నటులు. దర్శకుడు వెంకటేశ్ మహాకు అది మొదటి సినిమా, నిర్మాత ప్రవీణ పరుచూరి పేరు అప్పటికి బయట పెద్దగా తెలియదు. రానా దగ్గుబాటి ‘సమర్పణ’ అన్న కార్డు పడగానే లెక్క మారింది. ఆయన ఆ సినిమాలో నటించలేదు, దర్శకత్వం చేయలేదు. చూసి, నచ్చి, నాది పూచీ అన్నారు. సమర్పణ కార్డు అంటే అసలు ఉద్దేశం అదే. పెద్ద సినిమాల్లో అది చాలావరకు కుటుంబ పెద్ద పేరుకో, పెట్టుబడిలో వాటాకో గుర్తుగా మిగిలిపోయింది. చిన్న సినిమాలో ఆ ఒక్క పదం ఎన్ని థియేటర్లు దొరుకుతాయో నిర్ణయించగలదు.

దర్శకుడి పేరు కూడా ఇలాంటి పూచీయే. ఒక కాలంలో ‘కె. రాఘవేంద్రరావు బి.ఏ.’ అని డిగ్రీతో సహా తెర మీద కనిపించడం ప్రేక్షకులకు ఎంత అలవాటైపోయిందంటే, ఆ రెండక్షరాలు లేకపోతే పేరు పూర్తయినట్టు అనిపించేది కాదు. రాజమౌళి పేరు పోస్టర్లలో, ట్రైలర్లలో ఒక రబ్బరు ముద్ర రూపంలో వస్తుంది. పేరుకు ఆకారం ఇచ్చి దాన్ని సంతకంలా వాడటం తెలివైన పని. హాలీవుడ్‌లో పాత సినిమా పేరు చెప్పి కొత్తదాన్ని నమ్మించడం ఎక్కువ. ‘వాచ్‌మెన్’ ట్రైలర్‌లో దర్శకుడు జాక్ స్నైడర్ పేరు కన్నా ‘300’ తీసిన దార్శనిక దర్శకుడు అన్న విశేషణమే ముందుకొచ్చింది. అప్పటికి ఆయన తీసినవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. ఆ విశేషణం ఆ తర్వాత చాలా ఏళ్లు ఆయన వెంటే వచ్చింది. ఒక కార్డు మీద రాసిన మాట మనిషిని ఎంతకాలం అంటిపెట్టుకుని ఉంటుందో ఇక్కడ తెలుస్తుంది.

అందరూ ఎదురుచూసే అక్షరాలు టైటిల్‌వి. మామూలుగా ట్రైలర్ మూడు వంతులు అయ్యాక, సంగీతం పతాక స్థాయికి చేరి ఒక్కసారిగా తెగినప్పుడు టైటిల్ పడుతుంది. దాని తర్వాత ఒక చిన్న ముక్క ఉంటుంది. హీరో పంచ్ డైలాగో, కమెడియన్ మాటో, విలన్ నవ్వో. ఆ ముక్క తర్వాత తేదీ. ఈ వరస థియేటర్ కోసం పుట్టింది. ఫోన్‌లో చూసేవాడు అంతసేపు ఆగడు. యూట్యూబ్ ప్రకటనలో అయిదు సెకన్లకే స్కిప్ బటన్ వస్తుంది. అందుకే హాలీవుడ్ స్టూడియోలు ఆన్‌లైన్ ట్రైలర్‌కి ముందు అయిదారు సెకన్ల బుల్లి టీజర్ తగిలించడం మొదలుపెట్టాయి. నాలుగు మెరుపులు, టైటిల్, ‘ట్రైలర్ ఇప్పుడే మొదలు’ అన్న మాట. ట్రైలర్ చూడబోతున్నవాడికి ట్రైలర్ గురించి ప్రకటన వేయడం వింతగా ఉంటుంది. దాని వల్ల టైటిల్ రెండుసార్లు పడుతుంది, మొదటిసారి పడినప్పుడు దానికి బరువేమీ ఉండదు. తెలుగులో ఇది ఇంకా అంతగా పాకలేదు, పాకకపోవడమే మంచిది.

టైటిల్ ఎప్పుడు పడాలి అన్నది ఒక సంగతైతే, ఆ టైటిల్ చివరిదాకా నిలుస్తుందా అన్నది ఇంకొకటి. ఫిలిం ఛాంబర్‌లో పేర్లు రిజిస్టర్ చేయించుకోవాలి. ఇంకొకరి దగ్గర అదే పేరు ఉంటే హీరో పేరు ముందు తగిలించి బయటపడటం మన దగ్గరి దారి. 2010లో ‘మహేష్ ఖలేజా’, ‘కళ్యాణ్‌రామ్ కత్తి’ అలా వచ్చినవే. 2019 సెప్టెంబర్‌లో జరిగింది అంతకంటే తీవ్రం. హరీష్ శంకర్ దర్శకత్వంలో వరుణ్ తేజ్ నటించిన ‘వాల్మీకి’కి ట్రైలర్ వచ్చేసింది, పోస్టర్లు అంటించేశారు. ఆ పేరు మీద బోయ సామాజికవర్గం అభ్యంతరం చెప్పింది, వివాదం హైకోర్టుకు చేరింది. సెప్టెంబర్ 20న సినిమా విడుదల కావాల్సి ఉండగా ముందు రోజు పేరు ‘గద్దలకొండ గణేష్’గా మారింది. సినిమాలో టైటిల్ కార్డు మార్చొచ్చు, థియేటర్ బయట బ్యానర్ మార్చొచ్చు. జనం బుర్రలోకి ఎక్కిన ట్రైలర్‌ను ఒక్క రాత్రిలో మార్చడం ఎవరి తరం?

యూట్యూబ్ వచ్చాక ఈ సమస్య ఇంకా ముదిరింది. అక్కడ ఒకసారి ఎక్కించిన వీడియో స్థానంలో సరిచేసిన కాపీ పెట్టడానికి వీల్లేదు. కింద రాసే పేరు మార్చొచ్చు, థంబ్‌నెయిల్ మార్చొచ్చు, ముక్క కత్తిరించొచ్చు. తెర మీది అక్షరాన్ని దిద్దాలంటే మొత్తం తీసేసి మళ్లీ కొత్తగా ఎక్కించాలి. అప్పటిదాకా వచ్చిన వ్యూస్, లైకులు పోతాయి. తొలి 24 గంటల వ్యూస్‌ను రికార్డుగా ప్రకటించుకునే రోజుల్లో ఆ పని ఎవరు చేస్తారు? అందుకే అచ్చుతప్పులున్న కార్డులు, దాటిపోయిన తేదీలు అలాగే ఉండిపోతాయి. ‘ఆర్‌ఆర్‌ఆర్’ విడుదల తేదీ 2020 జూలై 30తో మొదలై, 2021 జనవరి 8, ఆ తర్వాత అక్టోబర్ 13, మళ్లీ 2022 జనవరి 7 మీదుగా చివరికి 2022 మార్చి 25 దగ్గర ఆగింది. 2021 డిసెంబర్ 9న వచ్చిన ట్రైలర్ జనవరి 7 విడుదల కోసం తయారైంది. కరోనా మూడో దఫా వల్ల అది తప్పింది.

తేదీ కార్డు ట్రైలర్‌లో అన్నిటికన్నా బలహీనమైన మాట. అయినా దాన్ని పెద్ద అక్షరాల్లో వేయక తప్పదు, ఎందుకంటే అది ప్రేక్షకుడికే కాదు, పోటీ నిర్మాతలకు కూడా చెప్పే మాట. సంక్రాంతికి కర్చీఫ్ వేయడం అంటారే, అదే. అనిల్ రావిపూడి, వెంకటేష్‌ల సినిమా ఈ చిక్కును ఎదురు తిప్పి వాడుకుంది. సినిమా పేరే ‘సంక్రాంతికి వస్తున్నాం’. 2025 జనవరి 14న చెప్పినట్టే వచ్చింది. టైటిలే తేదీ కార్డు అయిపోయింది. ప్రతి టీజర్‌లో, ప్రతి పాటలో, ప్రతి ఇంటర్వ్యూలో సినిమా పేరు ఎత్తినప్పుడల్లా విడుదల ఎప్పుడో చెప్పినట్టే. ఆ తేదీ తప్పి ఉంటే పేరు నవ్వులపాలయ్యేది. ఆ ధైర్యానికి తగ్గ ఫలితమే దక్కింది.

లిపి సంగతికి వచ్చేసరికి మాత్రం మనసు చివుక్కుమంటుంది. ఈ మధ్య వచ్చే తెలుగు ట్రైలర్లలో నటుల పేర్లు, సాంకేతిక నిపుణుల పేర్లు, కథను సూచించే వాక్యాలు ఎక్కువగా రోమన్ అక్షరాల్లోనే ఉంటున్నాయి. తెలుగు కనిపించేది టైటిల్ దగ్గర, కొన్నిసార్లు అక్కడా లేదు. దీనికి చెప్పే కారణం ఖర్చు, సమయం. ‘బాహుబలి’ తర్వాత ఒకే ట్రైలర్ అయిదు భాషల్లో ఒకే రోజు రావాలి. కార్డులన్నీ ఇంగ్లిష్‌లో ఉంటే బొమ్మ ఒక్కసారి సిద్ధం చేస్తే చాలు, డబ్బింగ్ మారిస్తే సరిపోతుంది. అలా కాకపోతే అక్షరాలు లేని కాపీ ఒకటి విడిగా ఉంచుకుని ప్రతి భాషకూ కార్డులు మళ్లీ చేయాలి. ఇది పెద్ద పని కాదు. వందల కోట్ల సినిమాకు అసలే కాదు. ‘ఆర్‌ఆర్‌ఆర్’ వాళ్లే చేసి చూపించారు. 2020 ఉగాది రోజు వచ్చిన మోషన్ పోస్టర్‌లో మూడు అక్షరాలు అలాగే ఉంచి, తెలుగుకు ‘రౌద్రం రణం రుధిరం’ అని, మిగతా దక్షిణాది భాషలకు వాటి వాటి లిపిలో, వాటి వాటి మాటల్లో విడివిడిగా చేశారు. పేర్లు కూడా భాషను బట్టి మారాల్సి వస్తుంది. కీరవాణి తెలుగులో కీరవాణి, హిందీలో ఎం.ఎం. క్రీమ్, తమిళంలో మరకతమణి. అక్కడి ప్రేక్షకుడు గుర్తుపట్టే పేరు వేయాలన్న శ్రద్ధ ఉన్నప్పుడు ఇక్కడి ప్రేక్షకుడు చదవగలిగే లిపి వేయాలన్న శ్రద్ధ ఎందుకు ఉండకూడదు?

ఇంకో కారణం చెప్తారు, అందులో కొంత నిజముంది. తెలుగు అక్షరం కదలికకు అంత తేలిగ్గా లొంగదు. ఇంగ్లిష్ పెద్దక్షరాలన్నీ ఒకే ఎత్తు. వాటిని వరుసగా నిలబెట్టి, మధ్య ఖాళీని మెల్లగా పెంచుతూ పోతే ఒక గాంభీర్యం వస్తుంది. హాలీవుడ్ ట్రైలర్లలో చాలాకాలం రాజ్యమేలిన ట్రేజన్ ఫాంట్ ఈ పనికి పెట్టింది పేరు. రోమ్‌లోని ట్రేజన్ స్తంభం మీది శాసనం చూసి కరోల్ ట్వాంబ్లీ 1989లో అడోబీ కోసం గీసింది. తెలుగులో పైన గుడులు, కొమ్ములు, కింద వత్తులు. ‘స్త్రీ’ అని రాస్తే ఒక్క అక్షరం మూడు అంతస్తులు. పక్కన ‘ర’ పెడితే సగం ఎత్తు. ఖాళీ పెంచితే వరుస గాడి తప్పినట్టు కనిపిస్తుంది. దీనికి తోడు వీడియో సాఫ్ట్‌వేర్లు చాలా ఏళ్లు తెలుగు యూనికోడ్‌ను సరిగ్గా చూపించేవి కావు, వత్తులు విడిపోయి పక్కకు పడేవి. డీటీపీ షాపుల నుంచి వచ్చిన, యూనికోడ్ కాని అను ఫాంట్లతో టైప్ చేసి, దాన్ని బొమ్మగా మార్చి తెచ్చుకునేవాళ్లు. గడువు మీదికొచ్చిన ఎడిటింగ్ రూమ్‌లో ఇంగ్లిష్ వైపు చేయి వెళ్లడం అర్థం చేసుకోదగ్గదే.

కానీ ఆ ఇబ్బంది ఇప్పుడు చాలావరకు తీరింది. రామభద్ర, ధూర్జటి, తెనాలి రామకృష్ణ, మండలి లాంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. వాటికంటే ముఖ్యం, మనకు చేతిరాత సంప్రదాయం ఉంది. గంగాధర్, ఈశ్వర్ లాంటి పబ్లిసిటీ ఆర్టిస్టులు సినిమా సినిమాకీ కొత్తగా అక్షరాలు గీశారు. బాపు గీసిన అక్షరాల్లో గుడులు, కొమ్ములు అడ్డు కాదు, అవే అందం. ‘ముత్యాల ముగ్గు’ అన్న పేరును ఆయన చేతిరాతలో చూసినవాళ్లకు సినిమా ఏ నేల మీద నడుస్తుందో వేరే చెప్పక్కర్లేదు. వత్తు కిందికి దిగుతుంటే దాన్ని కత్తిగా మార్చొచ్చు, తలకట్టును మీసంగా తిప్పొచ్చు. టైటిల్ లోగోలు చేసే డిజైనర్లు ఇవన్నీ చేస్తూనే ఉన్నారు. ఆ శ్రమ టైటిల్ దగ్గర ఆగిపోతోంది, అంతే. మిగతా కార్డులకు వచ్చేసరికి డిఫాల్ట్ ఇంగ్లిష్ ఫాంట్.

చట్టం అడిగే అక్షరాలు కూడా కొన్ని ఉన్నాయి. థియేటర్లో వేసే ట్రైలర్‌కి సినిమాలాగే సెన్సార్ సర్టిఫికెట్ కావాలి, ఆన్‌లైన్‌లో పెట్టేదానికి అక్కర్లేదు. హీరో సిగరెట్ వెలిగించిన షాట్ ఉంటే మూలన ధూమపానం హానికరం అన్న వాక్యం. ఇవి ఎవరికీ నచ్చి వేసినవి కావు. అయినా వాటికి దొరికే చోటు చూస్తే, రాసినవాళ్లకూ తీసినవాళ్లకూ దొరకని చోటు కనిపిస్తుంది.

సినిమా తీయడంలోని విభాగాలన్నిటినీ కలిపి సినిమావాళ్లు గర్వంగా 24 క్రాఫ్ట్స్ అంటారు. ట్రైలర్‌లో కనిపించేవి దర్శకత్వం, నిర్మాత, సంగీతం, ఛాయాగ్రహణం. కాస్త ఉదారంగా ఉంటే ఎడిటింగ్, ఆర్ట్. ఆడియో హక్కులు కొన్న కంపెనీ లోగో మాత్రం తప్పకుండా ఉంటుంది, ఎందుకంటే చాలాసార్లు ట్రైలర్ వెలువడేది వాళ్ల ఛానెల్‌లోనే. తెలుగు ట్రైలర్ ప్రాణం డైలాగు. జనం మళ్లీ మళ్లీ అనుకునేది, మీమ్‌గా మారేది, అభిమాని టీషర్ట్ మీదికి ఎక్కేది డైలాగే. ఆ డైలాగు రాసిన మనిషికి, అతనే దర్శకుడు కూడా అయితే తప్ప, విడిగా కార్డు దొరకడం అరుదు. సినిమా టైటిల్స్‌లో ‘మాటలు’ అన్న కార్డుకు గౌరవమైన చోటే ఉంది. ‘గౌతమీపుత్ర శాతకర్ణి’, ‘మహానటి’, ‘ఆర్‌ఆర్‌ఆర్’ సినిమాలకు మాటలు రాసిన సాయిమాధవ్ బుర్రా పేరు ప్రేక్షకులకు తెలిసింది ఆ టైటిల్స్ ద్వారా, ఇంటర్వ్యూల ద్వారా. సెకనుకు 24 ఫ్రేములు. రెండు సెకన్ల కార్డుకు 48 ఫ్రేములు. 150 సెకన్ల ట్రైలర్‌లో రచయితకు ఆ 48 ఫ్రేములు ఇవ్వడానికి ఒక్క స్లోమోషన్ షాట్‌ను కొంచెం తగ్గిస్తే సరిపోతుంది.

అన్నిటికన్నా విచిత్రమైన లోటు ఇంకొకటి ఉంది. ఇన్ని పేర్లు మోసే ట్రైలర్‌లో ఆ ట్రైలర్‌ను కట్ చేసిన మనిషి పేరు ఉండదు. హాలీవుడ్‌లోనూ అంతే. అక్కడ ఈ పనికే ప్రత్యేకంగా కంపెనీలున్నాయి, 1999 నుంచి గోల్డెన్ ట్రైలర్ అవార్డులు ఇస్తున్నారు, అయినా తెర మీద వాళ్ల కార్డు పడదు. తెలుగులో కొన్నిసార్లు సినిమా ఎడిటరే ఆ పనీ చేస్తారు, కొన్నిసార్లు ట్రైలర్ కట్ కోసం విడిగా ఒకరిని పెట్టుకుంటారు. ఏ డైలాగు ఎక్కడ ఆగాలి, ఏ కార్డు ఏ దెబ్బ మీద పడాలి, హీరో బిరుదుకు ఎన్ని ఫ్రేములు, టైటిల్‌కు ముందు ఎంత నిశ్శబ్దం అన్నవన్నీ ఆ మనిషి చేతిలో తేలేవే. ఆ పేరు దొరికేది, దొరికితే, యూట్యూబ్ వీడియో కింద వివరాల్లో. నటీనటులు, సాంకేతిక నిపుణులు, పీఆర్వో, డిజిటల్ మార్కెటింగ్ పేర్లు దాటి కిందికి వెళ్తే ‘ట్రైలర్ కట్’ అని ఒక లైను ఉంటుంది. థియేటర్లో ట్రైలర్ చూసేవాళ్లకు ఆ లైను కూడా ఉండదు.